ఇచ్చే ల్యాప్‌టాప్‌లో ఏం మిగిలింది?

రామాపురం చుట్టుపక్కల పిల్లలు ఇంటర్ దాటి తెనాలి, బాపట్ల, రేపల్లె కాలేజీల్లో చేరగానే మొదట అడిగేది ల్యాప్‌టాప్. ఒకప్పుడు దాతలు నోటు పుస్తకాలు, యూనిఫారాలు, ఫీజు డబ్బు ఇచ్చేవారు. ఇప్పుడు వాటితో పాటు తాము వాడి పక్కన పెట్టిన ల్యాప్‌టాప్‌లు కూడా ఇస్తున్నారు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత యంత్రాలు చాలా ఇళ్లలో బీరువాల పైకి చేరాయి. వాటిలో బాగా పనిచేసేవి ఇంకా ఎన్నో ఉన్నాయి. ఇవ్వడం మంచిదే, ఇవ్వవలసిందే. అయితే ఇచ్చేముందు చేయవలసిన పని ఒకటుంది. దాన్ని దాతలకు పాఠంలాగా వివరించమని సొసైటీ పెద్దలు మమ్మల్ని అడిగారు. పాఠాలు చెప్పడం మాకు అలవాటే కనుక ఒప్పుకున్నాం.

ముందుగా మీ ల్యాప్‌టాప్‌లో డౌన్‌లోడ్స్ అనే ఫోల్డర్ తెరిచి చూడండి. ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, పొలం దస్తావేజు స్కాన్, అమ్మాయి సంబంధాల కోసం తయారు చేసిన బయోడేటా, ఫోటోలు, గల్ఫ్‌లో ఉన్న అబ్బాయి పాస్‌పోర్టు, వీసా కాగితాలు, అమ్మగారి స్కానింగ్ రిపోర్టు. అన్నీ మీ ఇంట్లో లేకపోవచ్చు, సగమైనా ఉంటాయి. ఆ పైన బ్రౌజరులో దాచిపెట్టిన పాస్‌వర్డులు, తెరిచి వదిలేసిన వాట్సాప్ వెబ్.

ఆధార్ ఫైలుకు తాళం ఉందిగా అని కొందరు ధీమాగా ఉంటారు. ఈ-ఆధార్ తెరవడానికి కావలసిన పాస్‌వర్డ్ ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే: పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, ఆ తరువాత పుట్టిన సంవత్సరం. ఆ రెండూ పక్క ఫైలులో ఉన్న పదో తరగతి మార్కుల మెమోలో ఉంటాయి. తాళం చెవి గుమ్మానికే వేలాడుతున్నట్టు లెక్క.

ఇంతవరకు మీ సొంత కాగితాల సంగతి. ఎక్కువమంది మరచిపోయేది రెండో రకం: ఇతరులవి. మా వంటి టీచర్ల ల్యాప్‌టాప్‌లో పదో తరగతి పిల్లల నామినల్ రోల్స్, వారి కులం, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఉంటాయి. వ్యాపారి దగ్గర ట్యాలీలో అప్పు ఖాతాలన్నీ ఉంటాయి. డాక్టరు దగ్గర రోగుల వివరాలు ఉంటాయి. సేవా సంస్థల్లో పనిచేసే వారి దగ్గరైతే స్కాలర్‌షిప్ దరఖాస్తులు, ఆదాయ ధ్రువపత్రాలు, రంజాన్ నెలలో ఏ ఇంటికి ఎంత జకాత్ ఇచ్చారన్న జాబితా కూడా ఉండవచ్చు. చేయి చాచడానికి సిగ్గుపడి చెవిలో చెప్పుకున్న కష్టం ఆ జాబితాలో పేరుతో సహా ఉంటుంది. అది ఆ ఇంటివాళ్లు మన దగ్గర పెట్టిన అమానత్. బంగారం అమానత్‌గా పెడితే ఎంత జాగ్రత్త పడతామో దీనికీ అంతే పడాలి. ఈ మాటకు మా దగ్గర ఇంతకన్నా వివరణ లేదు.

పేదల వివరాలు బయటపడితే ఎలా ఉంటుందో మన రాష్ట్రం ఒకసారి చూసింది. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహ నిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా 34 వేల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, కులం, మతంతో సహా ఎవరైనా చూసేలా ఉన్నాయని పత్రికల్లో వచ్చింది. తరువాత వాటిని తొలగించారు. అదే సంవత్సరం తెలంగాణలో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి భూముల దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు స్టాంపు తయారు చేసే యంత్రంపై నకిలీ ముద్రలు చేసి, వేల సంఖ్యలో సిమ్‌లు ఆన్ చేసి పట్టుబడ్డాడు. దస్తావేజు స్కాన్ అంటే భూమి హద్దులు మాత్రమే అనుకోకూడదని దీన్నిబట్టి తెలుస్తుంది. మన వేలు కూడా అందులోనే ఉంది.

ఇక మూడో వ్యక్తి ఉన్నాడు. ల్యాప్‌టాప్ తీసుకునే పిల్లవాడు. మేము ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అతడే. తుడవని ల్యాప్‌టాప్ మీరు ఒక పేద విద్యార్థికి ఇచ్చారనుకోండి. ఆరు నెలల తరువాత మీ ఖాతాలోంచి డబ్బు పోయింది, లేదా మీ ఇంటి ఆడపిల్ల ఫోటో ఎక్కడో కనిపించింది. నేరం చేసినవాడు ఎక్కడో ఉండవచ్చు. మొదట అనుమానం ఎవరి మీద పడుతుంది? పోలీసులు మొదట ఎవరి తలుపు తడతారు? హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఆ పిల్లవాడు నేను చూడలేదు సార్ అంటే నమ్మేవాళ్లు ఎందరు? శుభ్రంగా తుడిచి ఇస్తే ఆ ప్రశ్నే పుట్టదు. దాతకు రక్షణ అని అందరూ చెబుతారు. తీసుకునేవాడి పరువుకు అంతకన్నా ఎక్కువ రక్షణ అని మేము చెబుతున్నాం.

సరే, డిలీట్ చేశాను, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను, ఇంకేముంది అంటారు. పాఠ్యపుస్తకంలో విషయసూచిక పేజీ చింపేస్తే పాఠాలు పోతాయా? డిలీట్ చేయడం దాదాపు అలాంటిదే. ఫలానా ఫైలు ఫలానా చోట ఉందన్న సూచికను కంప్యూటరు తీసేస్తుంది, ఆ చోటు ఖాళీ అని రాసుకుంటుంది. మామూలు హార్డ్ డిస్కులో మరొక ఫైలు వచ్చి ఆ చోట కూర్చునేదాకా పాతది అలాగే ఉంటుంది. క్విక్ ఫార్మాట్ కూడా అంతే, సూచిక మొత్తం కొత్తది వేస్తుంది. మేము తరగతిలో దీన్ని మాటలతో చెప్పం. పిల్లల ఎదుటే ఒక పెన్‌డ్రైవ్‌లో నాలుగు ఫోటోలు వేసి, డిలీట్ చేసి, రెకువా అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో తిరిగి బయటికి తీస్తాం. రెండు నిమిషాల పని. తొమ్మిదో తరగతి పిల్లలు కూడా చేసేస్తారు.

అమెరికాలోని ఎంఐటీలో ఇద్దరు పరిశోధకులు ఇదే సంగతిని పెద్ద ఎత్తున పరీక్షించి 2003లో ప్రకటించారు. సెకండ్‌హ్యాండ్ హార్డ్ డిస్కులు 158 కొన్నారు. వాటిలో పనిచేసినవి 129. అందులో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. మిగిలినవాటిలో క్రెడిట్ కార్డు నంబర్లు వేలల్లో దొరికాయి. ఒక డిస్కు అయితే ఏటీఎం యంత్రంలోంచి వచ్చినది.

మన దగ్గర వినిపించే మరో మాట, షాపులో ఫార్మాట్ కొట్టించాం అని. షాపు అబ్బాయిది తప్పు కాదు గానీ, అతడు సాధారణంగా సి డ్రైవ్ మాత్రమే ఫార్మాట్ చేసి కొత్త విండోస్ ఎక్కిస్తాడు. డి డ్రైవ్‌ను మీ డేటా పోకూడదని జాగ్రత్తగా అలాగే ఉంచుతాడు. మన ఇళ్లలో ఫోటోలు, కాగితాలు అన్నీ దాచేది ఆ డి డ్రైవ్‌లోనే. కాబట్టి షాపులో చేయించినా డి డ్రైవ్ కూడా తుడవమని విడిగా చెప్పాలి, వీలైతే దగ్గర కూర్చోవాలి.

ఇంట్లోనే చేసుకోవాలంటే వరస ముఖ్యం. మొదట కావలసినవన్నీ వేరే హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, ఆ కాపీ తెరుచుకుంటోందో లేదో మరో కంప్యూటరులో చూడండి. ఫైళ్లను చేత్తో ఒక్కొక్కటిగా డిలీట్ చేస్తూ కూర్చోకండి. ఇక్కడే చాలామంది దెబ్బ తింటున్నారు: వన్‌డ్రైవ్ లేదా గూగుల్ డ్రైవ్ ఫోల్డరులో ఉన్న ఫైలును ల్యాప్‌టాప్‌లో డిలీట్ చేస్తే అది క్లౌడ్‌లోంచి, మీ ఫోనులోంచి కూడా పోతుంది. అందుకని ముందు ఆ ఖాతాల నుంచి సైన్ అవుట్ అవ్వండి. క్రోమ్‌లోంచి గూగుల్ ఖాతా తీసేయండి. వాట్సాప్ వెబ్‌ను ఫోనులో లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి లాగ్ అవుట్ చేయండి. ట్యాలీ వాడే వ్యాపారులు లైసెన్సు సరెండర్ చేసుకోవడం మరువకండి, లేకపోతే కొత్త కంప్యూటరులో ఇబ్బంది. పక్కన ఉన్న మెమొరీ కార్డు సందు, పాతవాటిలో సీడీ అర కూడా ఒకసారి తెరిచి చూడండి. పెళ్లి వీడియో సీడీ అందులోనే ఉండిపోతుంది.

తరువాత చార్జర్ తగిలించి, విండోస్ 11 అయితే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ. విండోస్ 10 అయితే అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, అందులో రికవరీ. అక్కడ రీసెట్ దిస్ పీసీ అని ఉంటుంది. కీప్ మై ఫైల్స్ అన్నది వద్దు, రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకోండి. వెంటనే నెక్స్ట్ నొక్కుతూ పోకండి. చేంజ్ సెట్టింగ్స్ అని చిన్న అక్షరాల్లో ఒకటి కనిపిస్తుంది. దానిలో క్లీన్ డేటా అన్నదాన్ని ఆన్ చేయాలి, అన్ని డ్రైవ్‌ల నుంచి ఫైళ్లు తీసేయమనే ఎంపికను కూడా ఆన్ చేయాలి. ఈ రెండూ మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి. పని అంతా ఈ రెండు మీటల్లోనే ఉంది. క్లీన్ డేటా పెడితే పాత హార్డ్ డిస్కుకు కొన్ని గంటలు పడుతుంది. కరెంటు పోయే వేళల్లో మొదలుపెట్టకండి. ఇషా నమాజు తరువాత పెట్టి పడుకుంటే తెల్లవారేసరికి అయిపోతుంది.

ఏడుసార్లు తుడవాలి, 35 సార్లు తుడవాలి అని భయపెట్టేవారు ఉన్నారు. ఆ 35 అన్న లెక్క 1996లో వచ్చిన ఒక పరిశోధనా పత్రం నాటిది, అప్పటి డిస్కులకు సంబంధించినది. నేటి హార్డ్ డిస్కు మీద ఒక్కసారి పూర్తిగా కొత్త రాత రాస్తే చాలునని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

కొత్త ల్యాప్‌టాప్‌లలో హార్డ్ డిస్కు బదులు ఎస్ఎస్‌డీ ఉంటుంది. దాని తీరు వేరు. ఒకే చోట పదే పదే రాస్తే అరిగిపోతుందని అది ప్రతిసారీ చోటు మార్చి రాస్తుంది. పైనుంచి తుడిచినా లోపల ఏదో ముక్క మిగలవచ్చు. దీనికి తేలిక ఉపాయం, ముందు మొత్తాన్ని రహస్య లిపిలోకి మార్చి, తరువాత రీసెట్ చేయడం. ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉంటే ఆన్ చేయండి. బిట్‌లాకర్ ఉన్నవారు వాడిన భాగం మాత్రమే కాక డ్రైవ్ మొత్తం అన్న ఎంపిక తీసుకోవాలి. ఆ పని వంద శాతం అయ్యాక పైన చెప్పిన రీసెట్. ఏ ముక్క మిగిలినా తాళం చెవి లేని పెట్టెలాగా పడి ఉంటుంది. ఇటీవలి ఆపిల్ ల్యాప్‌టాప్‌లలో ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్ అనే ఒక్క మీట ఈ పని చేస్తుంది. కానీ ముందుగా ఫైండ్ మై ఆపేసి, ఐక్లౌడ్ నుంచి బయటికి రాకపోతే ఆ యంత్రం తీసుకున్న పిల్లవాడికి తెరుచుకోదు. పాస్‌వర్డ్ కోసం దుబాయ్‌లో ఉన్న దాతకు ఫోన్ల మీద ఫోన్లు చేయవలసి వస్తుంది.

అంతా అయ్యాక ఆన్ చేస్తే దేశం, భాష అడిగే మొదటి తెర రావాలి. అక్కడే ఆపేసి పవర్ బటన్ నొక్కి ఉంచి ఆర్పేయండి. పేరు పెట్టుకునే పని తీసుకునేవారికి వదలండి.

అసలు ఆన్ కాని ల్యాప్‌టాప్ సంగతి వేరు. తెర పగిలినా, బోర్డు పోయినా డిస్కు బతికే ఉంటుంది. నాలుగు స్క్రూలు విప్పితే చాలా మోడళ్లలో అది బయటికి వస్తుంది. డిస్కు తీసి మీ దగ్గర ఉంచుకుని మిగతాది ఇవ్వండి. బాగు చేయగలిగితే సొసైటీయే కొత్త ఎస్ఎస్‌డీ వేయించుకోవచ్చు. తీసిన డిస్కును సుత్తితో కొట్టేవారికి ఒక హెచ్చరిక, కొన్నిటి లోపలి పళ్లేలు గాజువి, కళ్లలోకి చిట్లుతాయి. గోనెపట్టాలో చుట్టి కొట్టండి. చెత్తకుప్పలో మాత్రం వేయకండి. ఈ-వ్యర్థాలు తీసుకునే అధీకృత కేంద్రాలకే ఇవ్వాలి.

సంస్థగా కూడా ఒక బాధ్యత ఉంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఏ పని కోసం సమాచారం తీసుకున్నారో ఆ పని తీరాక తుడిచేయమంటోంది. సొసైటీ ఆఫీసులో పాత స్కాలర్‌షిప్ దరఖాస్తుల స్కాన్లు ఏళ్ల తరబడి ఎందుకు ఉండాలో పెద్దలు ఆలోచించాలి. విరాళంగా వచ్చే ప్రతి ల్యాప్‌టాప్‌కూ ఒక చిన్న చీటీ అంటించి, ఎవరు తుడిచారు, ఏ తేదీన, డి డ్రైవ్ చూశారా లేదా అని రాసుకుంటే పిల్లలకు ఇచ్చేటప్పుడు సందేహం ఉండదు. తుడవకుండా వచ్చినదాన్ని ఎవరూ తెరిచి చూడకుండా నేరుగా రీసెట్‌కు పంపాలి. మంచి ఫైళ్లేమైనా ఉన్నాయేమో చూద్దాం అనే కుతూహలం అక్కడ పనికిరాదు.

ఇప్పటికే ఇచ్చేసిన వారు కంగారు పడనవసరం లేదు. ఫోనులోనే గూగుల్ ఖాతాలో యువర్ డివైసెస్ తెరిచి, ఆ పాత ల్యాప్‌టాప్‌ను సైన్ అవుట్ చేయండి. మెయిలు, బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి. ఆధార్‌కు బయోమెట్రిక్ లాక్ పెట్టుకోండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం లేకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఆ తరువాత ల్యాప్‌టాప్ ఎవరి దగ్గర ఉందో సొసైటీకి చెప్పి, ఒక ఆదివారం తెప్పించి తుడిపించండి. తుడిపించే ముందు ఆ పిల్లవాడి నోట్సులు, ప్రాజెక్టు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఇవ్వండి. ఇప్పుడు అందులో అతడి సమాచారం కూడా ఉంది.