సన్న చేతికి ఖరీదైన వాచీ

అల్లుడూ, కోవిల్పట్టి నుంచి నీ మేనమామ రాస్తున్నాను.

సింగపూర్ నుంచి మీ అక్కా బావా తెచ్చిన స్విస్ వాచీ ముంజేతి మీద గాజులా తిరిగిపోతోందట. విరుదునగర్ తెప్పకుళం దగ్గర దుకాణానికి తీసుకెళ్లి బెల్టుకు ఇంకో రెండు చిల్లులు కొట్టించాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అప్పుడే వద్దు. తోలుకు ఒకసారి పడ్డ చిల్లు మళ్లీ పూడదు. అలాంటి కంపెనీ బెల్టు ఒక్కదాని ఖరీదుకు మామూలు వాచీలే రెండు మూడు వస్తాయి. ఈ ఉత్తరం చివరిదాకా చదివి, ఆ తర్వాత దుకాణం మెట్లెక్కు.

ముందు చెయ్యి సన్నమని చిన్నబోవడం మానుకోవాలి. చేతి వాచీ మొదలైందే సన్న చేతుల మీద. పందొమ్మిదో శతాబ్దంలో దాన్ని నగలా పెట్టుకున్నది ఆడవాళ్లు. మగవాళ్లకు కోటు జేబు, గొలుసు, గడియారం ఉండేవి. 1904 ప్రాంతంలో పారిస్‌లో గాలిఓడలు నడిపే శాంతోస్ దుమోం అనే బ్రెజిల్ ఆయన, గాల్లో ఉండగా జేబులోంచి గడియారం తీయడం కుదరడం లేదని మొత్తుకుంటే, ఆయన స్నేహితుడు లూయీ కార్తియే చేతికి కట్టుకునే చదరపు వాచీ చేసిచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధంలో సిపాయిల చేతికెక్కాకే చేతి వాచీ మగవాళ్ల వస్తువైంది. మన దేశంలో పోలో ఆడే బ్రిటిష్ అధికారుల వాచీ అద్దాలు పగిలిపోతుంటే, డయల్‌ను లోపలికి తిప్పేసుకునే రివర్సో అనే మోడల్ 1931లో వచ్చింది. అదీ చిన్న వాచీయే.

మన పెద్దవాళ్ల సంగతీ అంతే. బెంగళూరులో 1961లో మొదలైన హెచ్‌ఎంటీ వాచీల్లో జనతా మోడల్ వ్యాసం దాదాపు 35 మిల్లీమీటర్లు. ఈ కరిసల్ నల్లరేగడి నేల మీద పత్తి పండించిన బక్క చేతులకు అది చక్కగా కుదిరింది. 1984లో టాటాలూ తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి పెట్టిన టైటాన్, మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే హోసూరులో ఫ్యాక్టరీ కట్టి, 2002లో 3.5 మిల్లీమీటర్ల మందంతో ఎడ్జ్ అనే వాచీ తెచ్చింది. పళ్లెమంత వాచీలు ఆ మధ్య వచ్చిన మోజు. ఇప్పుడు అదీ తగ్గుతోంది. రోలెక్స్ వాళ్ల ఆయిస్టర్ పర్పెచువల్‌లో 34, 36 మిల్లీమీటర్లవీ ఉన్నాయి.

ఇక అసలు సంగతి. వాచీ చేతికి నప్పిందా లేదా అన్నది డయల్ వెడల్పు చూస్తే తెలియదు. బెల్టు తగిలించే కొమ్ములు పైన రెండు, కింద రెండు ఉంటాయి కదా, పై కొమ్ము కొస నుంచి కింది కొమ్ము కొస దాకా స్కేలు పెట్టి చూడాలి. 15 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న ముంజేతికి పైభాగం వెడల్పు సుమారు 5 సెంటీమీటర్లు వస్తుంది. కొమ్ముల దూరం 46, 47 మిల్లీమీటర్లయితే బెంగలేదు. 50 దాటి కొసలు చేతి అంచుకు అవతల నిలబడితే మాత్రం ఎంత మంచి బెల్టు వేసినా ఆ వాచీ పరాయిదిలాగే కనిపిస్తుంది. స్టీలు చైనుతో ఇంకో చిక్కుంది. కొన్నిటికి కేసును అంటుకుని ఉండే మొదటి లింకు కిందికి వంగదు, బిగుసుకుని బయటికి పొడుచుకొస్తుంది. కాగితం మీద 46 ఉన్న వాచీ చేతి మీద 52 అవుతుంది. అదే వాచీకి తోలు బెల్టు వేస్తే కొమ్ము దగ్గరే కిందికి దిగి చేతిని పట్టుకుంటుంది. సన్న చేతికి చైను కంటే బెల్టే మేలని మామ అనేది అందుకే.

చేతి కొలతకు టేపు లేకపోయినా పర్లేదు. ఇంట్లో శివకాశి క్యాలెండరు ఉంటుంది, పాత నెల కాగితం నుంచి వేలెడు వెడల్పు పట్టీ కత్తిరించు. చిటికెన వేలి వైపు పొడుచుకొచ్చే ఎముక ఉంది చూడు, దాని మీద కాదు, దానికి మోచేతి వైపున చుట్టి గీత పెట్టుకో. పొద్దున్న కొలిస్తే మోసపోతావు. మన ఎండలకు మే నెలలో మధ్యాహ్నానికి చెయ్యి కాస్త ఉబ్బుతుంది, మార్గళి నెల చలిలో అదే చెయ్యి పీలగా అవుతుంది. సాయంత్రం కొలతే నమ్మకమైనది. బిగించాక బెల్టు కింద ఒక అగ్గిపుల్ల తేలిగ్గా దూరాలి, రెండు పట్టకూడదు. చైనుకైతే చిటికెన వేలి కొస పట్టేంత సందు వదలాలి. లోహం చెమట పీల్చదు కాబట్టి దానికి గాలి కావాలి.

తోలు బెల్టు రెండు ముక్కలు. బకిల్ ఉన్నది పొట్టిది, చిల్లులున్నది పొడుగుది. మామూలుగా పొట్టిది 75 మిల్లీమీటర్లు, పొడుగుది 115 నుంచి 120 ఉంటాయి. చాలా కంపెనీలు ఇవే బెల్టుల్ని పొట్టి సైజులో కూడా ఇస్తాయి. అందులో పొట్టి ముక్క 65-70, పొడుగు ముక్క 105-110. షోరూములో అద్దాల బీరువాలో పెట్టరు, అడిగితే తెప్పిస్తారు. అందరూ పొడుగు ముక్క గురించే ఆలోచిస్తారు, వాచీ తిరగడానికి కారణం మాత్రం చాలాసార్లు పొట్టి ముక్కే. అది పొడుగైతే బకిల్ చేతి అడుగున మధ్యకు రాకుండా బొటనవేలి వైపో చిటికెన వేలి వైపో జరుగుతుంది, దాంతో వాచీ తల అవతలి వైపుకు ఒరుగుతుంది. ఎన్ని చిల్లులు కొట్టించినా ఆ ఒరుగుడు పోదు. పైగా బెల్టు కొస రెండు లూపులూ దాటి తోకలా ఊగుతుంది.

మడత క్లాస్పు సంగతి చూసుకో. ఖరీదైన వాటికి మామూలు బకిల్ బదులు రెండు రేకులు మడిచి నొక్కే క్లాస్పు పెడతారు. ఆ రేకుల పొడవూ వంపూ మారవు. సన్న చేతి అడుగున అవి ఒదగక గుచ్చుకుంటాయి. అదే కంపెనీ సాదా పిన్ను బకిల్ విడిగా దొరుకుతుంది. మార్చేటప్పుడు బెల్టు కొస వెడల్పు చూడాలి. కొమ్ముల మధ్య 20 ఉన్న బెల్టు కొసకు చాలాసార్లు 18 గానో 16 గానో తగ్గుతుంది.

పొట్టి బెల్టు ఎక్కడా దొరకకపోతే అప్పుడు చిల్లు. ఒక్కటే. పాత చిల్లుల వరుసలోనే, వాటి మధ్య ఉన్నంత ఎడంలోనే, ఒకటిన్నర రెండు మిల్లీమీటర్ల గుండ్రటి పంచ్‌తో కొట్టాలి. దబ్బనంతో గుచ్చితే తోలు చీలుతుందే తప్ప తెగదు, నెలకల్లా చిల్లు సాగిపోతుంది. కేసు వైపుకు వెళ్లేకొద్దీ బెల్టు లోపల మెత్త పెట్టి మందంగా కుట్టి ఉంటుంది, అక్కడ పడ్డ చిల్లు అసహ్యంగా కనిపిస్తుంది. బెల్టు విప్పేటప్పుడు కొమ్ములకు లోపలివైపు టేపు అంటించమని చెప్పు. స్ప్రింగ్ పిన్ను నొక్కే పనిముట్టు జారితే పడే గీత జీవితాంతం ఉంటుంది. మొసలి తోలు బెల్టు మళ్లీ సింగపూర్ నుంచి తెప్పించుకుందామని ఆలోచన ఉంటే, వాటికి దేశం దాటేటప్పుడు వన్యప్రాణుల వ్యాపార ఒప్పందం కింద అనుమతి కాగితాలు కావాల్సి రావచ్చు. దూడ తోలుతో ఆ గొడవ లేదు.

బెల్టు వద్దు, చైనే వేయించుకుంటానంటావా, సరే. లింకులు తీసేటప్పుడు రెండు వైపులా లెక్క చూడాలి. ఒకవైపే తీస్తే క్లాస్పు పక్కకు పోతుంది. బేసి లింకు వస్తే ఆరు అంకె వైపు తగ్గించడం మామూలు పద్ధతి. కొన్ని చైన్లకు లోపల బాణం గుర్తు ఉంటుంది, పిన్ను బాణం చూపిన వైపుకే నెట్టాలి, తిరిగి వేసేటప్పుడు ఎదురు దిక్కు నుంచి. కొన్ని జపాన్ వాచీల్లో పిన్నుతో పాటు ఆవగింజంత గొట్టం ఉంటుంది. అది నేల మీద పడితే దొరకదు, కింద తెల్ల గుడ్డ పరవాల్సిందే. రోలెక్స్ లాంటి వాటికి స్క్రూలు, వాటికి జిగురు మందు పూసి బిగిస్తారు. సరిపోని స్క్రూడ్రైవరు పెడితే తల చెడుతుంది. కార్తియే 2018లో శాంతోస్ మోడల్‌కు పనిముట్టు లేకుండా లింకులు తీసే ఏర్పాటు తెచ్చింది. రోలెక్స్ కొన్నిటికి క్లాస్పులోనే 5 మిల్లీమీటర్లు పెంచుకునే వీలు పెట్టింది. నీ వాచీకి అలాంటిది ఉందేమో ముందు కాగితాలు చదువు. తీసిన లింకులు పారేయకు; రేపు చెయ్యి లావు కావచ్చు, వాచీ అమ్మినా కొనేవాడు అవే అడుగుతాడు.

సిపాయిల మోస్తరు పొడుగు నైలాన్ పట్టీ జోలికి పోవద్దు. అది వాచీ అడుగున దూరి తలను పైకి లేపుతుంది, కొస మడిచి దోపుకోవాలి. పెర్లాన్ అల్లిక పట్టీ మాత్రం మన వేడికి బంగారం: చిల్లులే ఉండవు, పిన్ను ఎక్కడ గుచ్చితే అక్కడే నిలుస్తుంది, చెమట పట్టినా తొందరగా ఆరుతుంది. పనికి వెళ్లే రోజుల్లో అది, పెళ్లిళ్లకు తోలు బెల్టు పెట్టుకుంటే తోలు నాలుగు కాలాలు ఉంటుంది.

కాబట్టి కొమ్ముల మధ్య వెడల్పు, పై కొమ్ము కొస నుంచి కింది కొమ్ము కొస దాకా దూరం, సాయంత్రం చేతి చుట్టుకొలత, బకిల్ వైపు వెడల్పు ఒక చీటీ మీద రాసి, చెన్నైలోని ఆ కంపెనీ సర్వీస్ సెంటరుకు ఫోన్ చెయ్యి. పొట్టి సైజు బెల్టు, సాదా బకిల్ ధర ఎంతో అడిగి మామకు చెప్పు. ఆ ఖర్చు మామది.