ఎప్‌సెట్‌లో మంచి మార్కు ఎంత?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఇంటర్ విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఈ తెలంగాణ ప్రవేశ పరీక్ష ఇంజినీరింగ్ విభాగంలో 160 ప్రశ్నలు, 160 మార్కులు, 3 గంటల సమయం. గణితానికే 80, భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరో 40. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలకండి.

అర్హత మార్కు 25 శాతం, అంటే 40. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస నిబంధన లేదు. కానీ అర్హత వేరు, సీటు వేరు. 40 దాటినంత మాత్రాన కోరిన కాలేజీ రాదు. పరీక్ష పలు విడతల్లో జరుగుతుంది గనుక మార్కులను నార్మలైజ్ చేసి ర్యాంకు ఇస్తారు. అందుకే ఒకే మార్కుకు ఏటా ఒకే ర్యాంకు రాదు. తెలంగాణలో ర్యాంకు లెక్కలో ఇంటర్ మార్కుల వెయిటేజీని 2023లో శాశ్వతంగా తొలగించారు. ఇప్పుడు ర్యాంకును తేల్చేది ఈ పరీక్షే.

కాబట్టి మీ లక్ష్యాన్ని మార్కుల్లో కాదు, చివరి ర్యాంకుల్లో వెతకండి. గత ఏడాది కౌన్సెలింగ్‌లో ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీకి సీటు ఎంత ర్యాంకు దగ్గర ఆగిందో చూడండి. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో కంప్యూటర్ సైన్స్ కోరేవారికి మంచి ర్యాంకు ఒకటి, కోదాడ పరిసరాల్లోనే సివిల్ చదవాలనుకునేవారికి మరొకటి.