అంగిలిని చదువనేర్చినవారికి

పళ్ళసెట్టు తీసి స్టీలుగ్లాసులోని నీటిలో వేసి ఒక ముసలమ్మ వైద్యుని యెదుట నోరు తెఱచినప్పుడు, ఆ సెట్టు కప్పియున్నంతమేర మాత్రమే, గీత గీచినట్లుగా, అంగిలి యెఱ్ఱబడియుండుట తఱచుగా కానవచ్చును. నొప్పి లేదు గనుక ఆమె చెప్పుకొనదు; అడుగువారు లేరు గనుక అది యేండ్లతరబడి యట్లే యుండును. ఇంటర్మీడియట్ ముగించి ముందుదారి వెదకుచున్న శ్రీకాకుళ, విజయనగర విద్యార్థులకు నేను చెప్పదలచిన వృత్తులు ఆ యెఱ్ఱని మేరను కనిపెట్టియే యున్నవి.

రాత్రింబవళ్ళు తీయక ధరించిన సెట్టు క్రిందికి లాలాజలము సరిగా చేరదు. అచ్చట చిక్కుకొన్న పిండిపదార్థములను సూక్ష్మజీవులు పులియబెట్టగా ఆమ్లత పెరుగును. ఆక్రిలిక్ పలక సన్నని రంధ్రములలో పాదుకొన్న కాండిడా ఆల్బికన్స్ అను శిలీంధ్రము ఆ ఆమ్లతలో చురుకుదనము పొందు ఎంజైములను విడిచి కణజాలపు మాంసకృత్తులను ఛేదించును. అంతట శరీరపు రక్షణకణములు రసాయన సంకేతములు పంపుటచే రక్తనాళము లుబ్బి వాపు పుట్టును. మధుమేహులలో నిది మఱింత సులభముగా ప్రబలును.

ఈ వ్యాధి యెల్లెడల నున్నదే యైనను, మనసీమలో దానిని గుర్తించుటకు మఱింత జాగరూకత కావలెను. చుట్ట నిప్పును నోటిలోనికి పెట్టుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలు మన పల్లెలలో తరతరములుగా నున్నారు. పిండ్‌బోర్గ్, ఫాలీ మెహతా మున్నగు శాస్త్రజ్ఞులు శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామీణుల నోళ్ళను పరీక్షించి, అడ్డపొగవలన అంగిలిలో కలుగు మార్పులను 1971లో ప్రకటించిరి. కనుక సెట్టు క్రింది యెఱుపు శిలీంధ్రమువలన కలిగినదా, పొగాకువలన కలిగి కాన్సరుకు దారితీయునదా యని వివేచింపగల కన్ను ఇచ్చట ప్రాణరక్షకము.

ఆ కన్ను సంపాదించుటకు మార్గములు పెక్కు. నీట్ ద్వారా బీడీఎస్‌లో చేరినవారికి ఇంటర్న్‌షిప్‌తో కలిపి చదువు అయిదేండ్లు. శ్రీకాకుళము చెంత చాపురమున దంతవైద్య కళాశాల కలదు. తరువాత మూడేండ్ల ఎండీఎస్‌లో, కట్టుడుపళ్ళ శాస్త్రమైన ప్రోస్థోడాంటిక్స్ గాని, కణజాలమును సూక్ష్మదర్శినిలో చదువు ఓరల్ పాథాలజీ గాని యెన్నుకొనవచ్చును. రసాయనశాస్త్రముపై మక్కువ గలవారు బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి లాలాజల పరిశోధనకు పూనుకొనవచ్చును. అంత దీర్ఘకాలము చదువలేనివారికి డెంటల్ మెకానిక్, డెంటల్ హైజీనిస్టు అను రెండేండ్ల డిప్లొమాలు కలవు.

మెకానిక్ పని చిన్నదని తలంపరాదు. ఫ్లాస్కులో బిగించిన ఆక్రిలిక్ ముద్దను నీటిలో ఉడికించునప్పుడు తొందరపడి దించినచో, గట్టిపడక మిగిలిన మోనోమర్ నోటిలోనికి ఊరి అంగిలిని రేపును; లోపలితట్టు గరుకుగా విడిచినచో శిలీంధ్రమునకు అదియే గూడగును. రోగిముఖ మెన్నడును చూడని ఆ పనివాని ఓర్పే ఆమె నోటికి మొదటి రక్ష.

ఏ మార్గమున పోయినను, చదువుకాలముననే వృద్ధుల నోళ్ళు పరీక్షించుట అలవరచుకొనుడు. ఊరి వైద్యశిబిరమునకు పోయి, టార్చిలైటు పట్టుకొని, “మామ్మా, పళ్ళు ఓసారి తీసి చూపించు, రేత్రిపూట తీసీసి పడుకో” యని ఆమె మాటలోనే చెప్పనేర్చుకొనుడు. ఏండ్లతరబడి యెవ్వరును అడుగని ఆ ప్రశ్నను అడుగుటతోనే మీ వృత్తి ఆరంభమగును.