నోవహు వాగ్దానమును నేటి ఆకాశవైఖరియు

పఠనభాగములు: ఆదికాండము 8:20–22, 41:25–36, నిర్గమకాండము 20:16, లూకా 12:54–58

2009వ సంవత్సరము మార్చి మాసములో అమెరికా ప్రతినిధుల సభకు చెందిన ఒక ఉపసంఘము భూతాపమును గూర్చి విచారణ జరుపుచుండెను. ఇల్లినాయి రాష్ట్రపు సభ్యుడైన జాన్ షిమ్కస్ అచ్చట పరిశుద్ధ గ్రంథము తెరచి ఆదికాండము ఎనిమిదవ అధ్యాయపు చివరి వచనములు చదివెను. జలప్రళయము గడచిన తరువాత నోవహు అర్పించిన దహనబలిని అంగీకరించి, ప్రాణులనన్నిటిని ఇక అట్లు సంహరింపననియు, భూమి నిలిచియున్నంతవరకు ఋతువులు మానవనియు దేవుడు సెలవిచ్చిన మాటలవి. భూమికి అంతము దేవుడు నిర్ణయించినప్పుడే వచ్చునుగాని మనుష్యుడు దానిని నాశనము చేయజాలడని ఆయన వాదించెను. ఓక్లహోమా రాష్ట్రపు సెనేటరైన జేమ్స్ ఇన్‌హోఫ్ కూడ ఈ వచనమునే ఆధారముగా చూపుచు, భూతాపమను మాట గొప్ప మోసమని 2012లో ఒక గ్రంథమే ప్రచురించెను. 2015 ఫిబ్రవరిలో ఆయన ఒక మంచుముద్దను సెనేటు సభలోనికి తెచ్చి, బయట ఇంత చలి యుండగా వేడిమి ఎక్కడ పెరిగినదని సభికులకు చూపెను. ఒక పట్టణములోని ఒక దినపు చలి భూమండలమంతటి యేడాది సగటును కొలువజాలదు. ఆ 2015వ సంవత్సరమే అప్పటివరకు లెక్కకు వచ్చిన సంవత్సరములన్నిటిలో మిక్కిలి వేడి సంవత్సరమాయెను.

వీరిద్దరును సంఘసభ్యులు, దేవుని వాక్యమును నమ్మి మాటలాడినవారు. కావున వారిని పరిహసించుట తగదు. విచారింపవలసినవి రెండు సంగతులు. ఆ వచనము నిజముగా అట్లు చెప్పుచున్నదా? వారి అనుమానము వాక్యమునుండియే పుట్టినదా, లేక వేరొకచోట పుట్టి వాక్యమును ఆశ్రయించినదా?

వాగ్దానమును శ్రద్ధగా చదివినచో అది ఋతుచక్రము నిలిచియుండునని చెప్పుచున్నదే గాని, ఏ దేశమందును వాన తప్పదని గాని పంట చెడదని గాని చెప్పుటలేదు. ఆదికాండమే దీనికి సాక్షి. ఈ వాగ్దానము వెలువడిన నాలుగు అధ్యాయములకే అబ్రాము కనానులో కరవు భారము తాళలేక ఐగుప్తునకు దిగిపోయెను (12:10). ఇస్సాకు దినములలో మరియొక కరవు వచ్చెను (26:1). పిమ్మట యోసేపు కాలమున ఏడు సంవత్సరముల కరవు. విత్తుకాలము వచ్చెను, పోయెను. కోత మాత్రము లేకపోయెను. అయినను దేవుని మాట తప్పిపోలేదు. ఇచ్చట ఒక విశేషము గలదు. ఏడు సంవత్సరముల కరవు దేవునిచే నిశ్చయింపబడినదని యోసేపు ఫరోకు స్పష్టముగా చెప్పెను. అయితే దేవుడు చూచుకొనునని చేతులు ముడుచుకొని కూర్చుండుమనలేదు. పండిన దానిలో అయిదవ భాగము తీసికొని పట్టణములలో నిలువచేయుమనెను. దైవసంకల్పమును నమ్ముటయు, రానున్న ఆపదను లెక్కకట్టి సిద్ధపడుటయు ఆయనయందు ఒకదానికొకటి విరోధము కాలేదు.

తెలుగు సంఘమునకు ఇది పుస్తకములో మాత్రమే చదువుకొనిన సంగతి కాదు. 1876 మొదలుకొని 1878 వరకు దక్షిణ భారతమును పట్టిన మహా కరవులో ఒంగోలు ప్రాంతపు బీదలు గుంపులుగుంపులుగా కూలిరి. అమెరికా బాప్తిస్టు మిషనరీయైన జాన్ క్లౌ ప్రార్థనకూటములతో మాత్రమే ఊరకుండలేదు. పూర్వము భూమికొలతల పని నేర్చినవాడగుటచేత, బకింగ్‌హాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. అన్నము కొరకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండునట్లు ఆ కాలమంతయు బాప్తిస్మములు నిలిపివేసెను. 1878 జూలై 3వ తేదీన ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి అందరెరిగినదే. దానికి ముందున్న ఆ కాలువపనిని అంతగా తలంచువారు లేరు. పసిఫిక్ మహాసముద్ర జలములు అసాధారణముగా వేడెక్కుటకును ఆ కరవునకును సంబంధమున్నదని శాస్త్రజ్ఞులు తరువాత కనుగొనిరి.

ఇక శాస్త్రము చెప్పునదేమి? బొగ్గుపులుసు వాయువు భూమినుండి వెలువడు వేడిని పట్టి ఉంచునని 1859లో జాన్ టిండాల్ ప్రయోగముతో నిరూపించెను. బొగ్గు కాల్చుటవలన ఆ వాయువు పెరిగినచో భూమి ఎంత వేడెక్కునో 1896లో స్వీడనుదేశస్థుడైన అరీనియస్ కాగితముపై లెక్కవేసెను. నాటికి నేటి రాజకీయపక్షముల తగవులేవియు లేవు. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవిలోని మౌనా లోవా పర్వతముపై గాలిని కొలువ నారంభించినప్పుడు పదిలక్షల పాళ్ళలో ఆ వాయువు 315 పాళ్ళుండెను. ఇప్పుడది 420 దాటినది. యంత్రయుగమునకు ముందు 280 మాత్రమే. భూమి సగటు వేడిమి 19వ శతాబ్దపు ఉత్తరార్ధముతో పోల్చగా 2011–2020 దశకములో సుమారు 1.1 డిగ్రీల సెల్సియస్ అధికముగా నుండెను. ఇది చిన్న అంకెవలె కనబడును. జ్వరము ఒక డిగ్రీ పెరిగిన బిడ్డ తల్లికి మాత్రము అట్లు కనబడదు.

అట్లయిన అమెరికాలోని సువార్తిక క్రైస్తవులలో ఇంత అనుమానమేల? దీని చరిత్ర పెద్దది. 1925లో టెనెసీ రాష్ట్రమందలి డేటను పట్టణములో పరిణామవాదమును గూర్చి జరిగిన వ్యాజ్యము నాటినుండి విశ్వాసులలో అనేకులు శాస్త్రజ్ఞుని తమ బిడ్డల విశ్వాసమును దోచుకొనువానిగా చూడసాగిరి. 1967లో లిన్ వైట్ అను చరిత్రకారుడు, ప్రకృతి నాశనమునకు మూలము క్రైస్తవ్యమేయని ఒక వ్యాసములో నిందమోపెను. నిందింపబడినవారు నిందలోని సత్యాంశమును వెదకుట అరుదు. అయినను ఫ్రాన్సిస్ షేఫర్ వెదకెను. సృష్టిని పాడుచేయుట దేవునియెడల అపరాధమేయని 1970లోనే గ్రంథము వ్రాసెను. ఆ సంవత్సరమే పర్యావరణ రక్షణకు ప్రత్యేక ప్రభుత్వశాఖను నెలకొల్పిన రిచర్డ్ నిక్సన్, రక్షణవాదపక్షమైన రిపబ్లికను పక్షమువాడే. అనగా దైవభక్తియు, సంప్రదాయ రాజకీయమును, గాలి నీరుల శుభ్రతయు అప్పటికి పోరాడుకొనలేదు.

1979లో జెర్రీ ఫాల్వెల్ మొదలగువారు సువార్తిక ఓటర్లను కూడగట్టిన తరువాత సంఘమునకును ఒక పక్షమునకును బంధము బిగిసెను. ఆ పక్షము గర్భస్రావమును ఎదిరించెను. ప్రభుత్వపు పెత్తనమును, అధికమైన పన్నులను కూడ ఎదిరించెను. విశ్వాసి మొదటిదానికొరకు చేరి తక్కినవాటినిగూడ మోసికొని ఇంటికి వచ్చెను. భూతాపమునకు మందు ప్రభుత్వ నియమములే యని చెప్పినందున, మందును ద్వేషించువారు రోగమే లేదనిరి. 2006లో డెమోక్రటిక్ పక్షపు నాయకుడైన అల్ గోర్ చలనచిత్రము వెలువడగా సంగతి మరింత ముదిరెను. బొగ్గు, చమురు వ్యాపారముల ధనమును దీనిలో పనిచేసెను; తమ సరకు భూమిని వేడెక్కించునని ఎక్సాన్ సంస్థకు దాని శాస్త్రజ్ఞులే 1970–80 దశకములలో తెలిపిన కాగితములు 2015లో బయటపడెను.

సిద్ధాంతము కంటె పక్షమే బలమైన కారణమనుటకు ఒక నిదర్శనము చాలును. 2022లో ప్యూ పరిశోధనా కేంద్రము జరిపిన విచారణలో, భూమి ముఖ్యముగా మనుష్యుల పనులవలననే వేడెక్కుచున్నదని ఒప్పుకొనిన సువార్తిక ప్రొటెస్టంటులు ఇంచుమించు మూడవ వంతు మాత్రమే. అయితే అదే బైబిలును, అదే రక్షణను, అదే రెండవ రాకడను ప్రకటించు నల్లజాతి ప్రొటెస్టంటు సంఘములలో ఈ విషయమై ఆందోళన చాల అధికముగా కనబడెను. వేరైనది వారి ఓటు. ఆదికాండము 8:22 ఇరువురి చేతిలోను ఒక్కటే.

వేరు త్రోవ పట్టినవారును లేకపోలేదు. 2006 ఫిబ్రవరిలో రిక్ వారెన్ మొదలగు 86 మంది సువార్తిక నాయకులు, భూతాపము నిజమనియు దాని దెబ్బ ముందుగా బీదలకే తగులుననియు ఒక ప్రకటనపై చేవ్రాలు చేసిరి. సువార్తికుల జాతీయ సంఘపు ప్రతినిధియైన రిచర్డ్ సిజిక్, 2002లో ఆక్స్‌ఫర్డు పట్టణములో జరిగిన సదస్సున శాస్త్రజ్ఞుల మాట విని, మారుమనస్సు పొందినవానివలె మారితినని చెప్పుకొనెను. 2007 మార్చిలో జేమ్స్ డాబ్సను మొదలగువారు ఆయనను అదుపుచేయవలెనని ఆ సంఘమునకు ఉత్తరము వ్రాసిరి. సంఘము వారి మాట వినలేదు. 2008లో ఆయన వేరొక విషయమును బట్టి పదవి వదలుకొనెను.

ఆక్స్‌ఫర్డులో సిజిక్ వినినది సర్ జాన్ హౌటన్ మాటలను. ఈయన వేల్సు దేశస్థుడు, బ్రిటిష్ వాతావరణశాఖకు అధిపతి, ఐక్యరాజ్యసమితి వారి అంతర్జాతీయ శాస్త్రసంఘము 1990లో వెలువరించిన మొదటి శాస్త్రీయ నివేదికకు ముఖ్య సంపాదకుడు, బహిరంగముగా క్రీస్తును ఒప్పుకొనిన విశ్వాసి. ఆయన పనిని ఆదరించిన ప్రధానమంత్రి ఎవరు? రక్షణవాదులలో రక్షణవాదియు, మెథడిస్టు ఇంట పెరిగినదియు, రసాయనశాస్త్రము చదివినదియు నగు మార్గరెట్ థాచర్. ఆమె 1988లో రాయల్ సొసైటీలోను, 1989లో ఐక్యరాజ్యసమితిలోను ఈ అపాయమును గూర్చి హెచ్చరించెను. 1990లో హాడ్లీ శీతోష్ణ పరిశోధనా కేంద్రమును ప్రారంభించెను. తరువాతి కాలమున ఈ ఉద్యమపు రాజకీయములను ఆమె తీవ్రముగా విమర్శించిన మాటయు దాచరాదు.

అనుమానించువారి పక్షమున ఒక వాదము మాత్రము తేలికగా తీసివేయదగినది కాదు. 2009లో కార్న్‌వాల్ కూటమివారు తమ ప్రకటనలో, సృష్టి దేవుని సంరక్షణలో తన్నుతాను సరిచేసికొనగలదనుటయే గాక, ఇంధనపు వెల పెరిగినచో బీదలు నలుగుదురని చెప్పిరి. భారతదేశమున నేటికిని విద్యుత్తులో అధికభాగము బొగ్గునుండియే వచ్చుచున్నది. దీపమును, పంపుసెట్టును వద్దనుటకు బీదవానిని అడుగు హక్కు ధనికదేశముల కెక్కడిది? లేవీయకాండము 25వ అధ్యాయము భూమికి విశ్రాంతినియ్యవలెనని చెప్పిన చోటనే బీదసహోదరుని చేయి పట్టుకొనవలెననియు చెప్పుచున్నది. మందు ఏదియను వాదములో విశ్వాసులు ఇరుపక్షముల నుండవచ్చును. రోగము లేదనుట వేరు.

ఏలయన ఇది మోసమని చెప్పుట కేవలము అభిప్రాయము కాదు, మనుష్యులమీద మోపు నేరము. వేలకొలది శాస్త్రజ్ఞులు కూడబలుకుకొని అబద్ధమాడుచున్నారని పలుకువాడు తొమ్మిదవ ఆజ్ఞ యెదుట సాక్ష్యము చూపవలెను. టెక్సాసులోని లబక్ పట్టణమున బోధించుచున్న కాథరిన్ హేహో వాతావరణ శాస్త్రజ్ఞురాలు, ఒక పాదిరిగారి భార్య. ఆమెకు వచ్చిన ద్వేషపూరిత లేఖలు అనేకములు. హౌటన్ 2020 ఏప్రిలులో కోవిడ్ వ్యాధిచే మరణించెను. శాస్త్రజ్ఞులందరు కుట్రదారులను మాట ఆయనకును తగిలినదే. అమెరికాలో ముద్రింపబడు వ్యాఖ్యానములును ప్రసంగములును చిరకాలముగా తెలుగు సంఘములకు వచ్చుచున్నవి. ఆ దేశమందలి తెలుగు కుటుంబములు ఆ సంఘములలో ఆరాధించుచున్నవి. గోధుమతోకూడ ఈ నేరారోపణయు ఒకే గోతములో దిగుమతి కాగలదు.

లూకా 12వ అధ్యాయములో ప్రభువు పడమటినుండి మబ్బు లేచుటను, దక్షిణపు గాలి విసరుటను చూచి వాన యనియు వడగాలి యనియు ముందుగా చెప్పు సామాన్య జనులను గూర్చి మాటలాడెను. ఆయన గద్దించినది తన రాకడ కాలమును గుర్తింపని వారి కఠినత్వమును; ఆకాశమును చూచి ఎరుగు తెలివిని ఆయన తప్పుపట్టలేదు, అది వారికున్నదని ఒప్పుకొనెను. ఆ మాటల వెంటనే, ప్రతివాదితో కూడ అధికారియొద్దకు పోవుచు, దారిలోనుండగానే అతనితో సరిచేసికొనవలసిన మనుష్యుని సంగతి వచ్చును.