కొయ్యబొమ్మకు పట్టుచీర

దసరా నవరాత్రులలో బొమ్మల కొలువు తీర్చడం దక్షిణ భారతదేశంలో చిరకాలంగా ఉన్న ఆచారం. కోస్తా జిల్లాలలో పలువురు సంక్రాంతికి కొలువు పెడతారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఉన్న ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి ప్రాంతం కన్నడ, తమిళ సీమలకు పొరుగున ఉన్నది కనుక ఇక్కడ దసరా కొలువుకే ప్రాధాన్యం. మెట్ల మీద మట్టిబొమ్మలు ఎన్ని ఉన్నా, పై మెట్టున నిలిచే గౌరవం ఎర్రచందనపు రాజు, రాణి జంటది. తిరుపతిలో చెక్కే ఈ బొమ్మలను తమిళులు మరపాచి అనీ, కన్నడిగులు పట్టద గొంబె అనీ అంటారు. మూడు భాషలూ వినిపించే కుప్పంలో ఏ పేరుతో అడిగినా అర్థమవుతుంది. పెండ్లి అయిన కూతురికి ఈ జంటను సారెతో పాటు ఇచ్చే వాడుక కూడా ఉన్నది. మట్టిబొమ్మ పగులుతుంది, కొయ్యబొమ్మ తరాలు దాటుతుంది. దాని ఒంటిమీది బట్ట మాత్రం కొలువుకొకసారి మారుతుంది.

ఆ బట్ట కుట్టడం చూచినంత సులభం కాదు. బొమ్మను ఒకే కొయ్యలో చెక్కుతారు. చేతులు ఒంటికి అంటుకొని ఉంటాయి. భుజం కదలదు, మోచేయి వంగదు. అందువల్ల దానికి రవిక తొడగడం అసాధ్యం. గుడ్డను చేతుల మీదుగానే చుట్టి వీపున దారంతో బిగించాలి. రాజుకు పంచె, ఉత్తరీయం, తలపాగా చాలును కాబట్టి అతనితో చిక్కు లేదు. చిక్కంతా రాణితోనే.

పది అంగుళాల రాణి, అరవై అంగుళాల స్త్రీలో ఆరవ వంతు. ఆరు గజాల చీర పొడవు 216 అంగుళాలు. అందులో ఆరవ వంతు 36 అంగుళాలు. నలభై ఎనిమిది అంగుళాల వెడల్పు ఎనిమిదికి తగ్గుతుంది. లెక్కలో తప్పేమీ లేదు. కాని ఆ కొలతతో కట్టి చూస్తే రాణి నడుము గాదెలా ఉబ్బుతుంది. పొడవును, వెడల్పును కత్తెరతో తగ్గించవచ్చును గాని పోగు మందాన్ని తగ్గించలేము. పుంగనూరు ఆవు ఎంత పొట్టిదైనా దాని తోక నేలను తాకుతూనే ఉంటుంది. బొమ్మచీరలో పోగు సంగతీ అంతే. అందుచేత అనుభవజ్ఞులు పొడవును ఇరవై అంగుళాలకు కుదించి, లోపలి చుట్టును మానివేస్తారు. కుచ్చిళ్ళను ముందే మడిచి, తడిగుడ్డ పరచి ఇస్త్రీ చేసి, నడుము దగ్గర రెండు కుట్లు వేస్తారు. నాలుగు అంగుళాల అంచు బొమ్మచీరలో సగాన్ని మింగివేస్తుంది కనుక అంచులోని సన్నని జరీగీతను మాత్రమే కత్తిరించి వాడతారు. కొంగులోని నెమళ్ళకు ఇక్కడ చోటు లేదు. చుక్కలు, సన్నగళ్ళు నప్పుతాయి.

ఈ లెక్క పల్లెటూరి ముచ్చట మాత్రమే కాదు. రెండవ ప్రపంచయుద్ధం ముగియవచ్చిన 1945లో, బట్టకు కరవు వచ్చిన పారిస్ నగరంలో పేరెన్నికగన్న దర్జీ సంస్థలు సుమారు 70 సెంటీమీటర్ల తీగబొమ్మలకు దుస్తులు కుట్టి ప్రదర్శించాయి. 1959లో వెలువడిన బార్బీ బొమ్మ కూడా ఇంచుమించు ఆరవ వంతు కొలతదే. ఢిల్లీలో కార్టూనిస్టు శంకర్ 1965లో నెలకొల్పిన అంతర్జాతీయ బొమ్మల ప్రదర్శనశాలలో భారతీయ వేషధారణలను చూపడానికి ప్రత్యేకంగా తయారైన బొమ్మలు ఉన్నాయి.

మదనపల్లె చెంతనున్న నీరుగట్టువారిపల్లె పట్టుచీరల నేతకు పేరుపొందినది. అయినా బొమ్మ కోసం కొత్తచీరను ఎవరూ కోయరు. అవ్వ పెండ్లిచీర మడతల వెంట చినిగిపోయినప్పుడు, మిగిలిన జానెడు అంచు రాణికి చేరుతుంది. ఆ విధంగా కొన్ని ఇండ్లలో బొమ్మల పెట్టెను తెరిస్తే మూడు తరాల చీరల తునకలు కనిపిస్తాయి. అంగడిలో దొరికే తయారుబట్టలలో ఈ బంధుత్వం ఉండదు. పైగా పలువురు బట్టను జిగురుతో అంటిస్తున్నారు. దానిని పెరికినప్పుడు కొయ్య నునుపు చెడి మచ్చలు మిగులుతాయి. ఎర్రచందనం తూర్పు కనుమల దక్షిణభాగంలోనే సహజంగా పెరిగే చెట్టు. 1995 నుండి దాని అంతర్జాతీయ వ్యాపారం నియంత్రణలో ఉన్నది. చెడిన పాతబొమ్మకు బదులు మరొకటి తేవడం తేలిక కాదు.

కుట్టిన బట్టకు ఆ బాధ లేదు. విజయదశమి రాత్రి బొమ్మను పడుకోబెట్టి కొలువు ముగించిన తరువాత, వీపున ముడి విప్పి, చీరను నీడన ఆరవేసి, ఎండిన వేపాకుతో పెట్టెలో పెడతారు.