‘బ్యాంకులో పడితే చాలు’ అనుకునే అమ్మానాన్నలకు

డిగ్రీ ఆఖరి ఏడు పిల్లలను వెంటబెట్టుకుని కౌన్సెలింగ్‌కు వచ్చే తల్లిదండ్రులు చాలామంది ఇప్పటికీ ఒకే మాట అంటారు: ‘ఏదో ఒక బ్యాంకులో పడితే చాలండీ, ఇక జన్మంతా ఢోకా ఉండదు.’ కొందరు ‘ఆంధ్రా బ్యాంకు లాంటిది’ అని పేరు కూడా చెబుతారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. నిజాం ఏలుబడిలో మొదలైన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అంతకు సరిగ్గా మూడేళ్ల ముందే ఎస్‌బీఐలో కలిసిపోయింది. తెలుగువాళ్లు మనది అనుకున్న రెండు బ్యాంకుల బోర్డులూ దిగిపోయాయి. పిల్లల చదువు గురించి ఇళ్లలో జరిగే మాటల్లోకి మాత్రం ఆ మార్పు ఇంకా రాలేదు.

బ్యాంకు ఉద్యోగం మంచి ఉద్యోగమే. ప్రభుత్వ బ్యాంకుల విలీనాల్లో ఎవరినీ ఇంటికి పంపలేదు కూడా. నా అభ్యంతరమల్లా ‘ఏ బ్యాంకు?’ దగ్గరే ఆగిపోయి, ‘అందులో ఏ పని?’ అని ఎవరూ అడగకపోవడం మీదే. వ్యాపార సంస్థలు మార్కెట్ మారినప్పుడు ఒకదానిలో ఒకటి కలుస్తాయి, కొత్త యంత్రాలు తెచ్చుకుంటాయి, కొన్ని పనులు మానేసి కొన్ని మొదలుపెడతాయి. బ్యాంకులూ అంతే. ఆ మార్పు ఎటు వెళుతోందో చూడకుండా పిల్లల వయసులో మూడు నాలుగేళ్లు ఒకే పరీక్షకు ధారపోయించడం నాకు నచ్చదు.

2019 ఆగస్టు 30న కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ పది ప్రభుత్వ బ్యాంకులను నాలుగుగా కలుపుతున్నట్టు ప్రకటించారు. 2017లో 27 ఉన్న ప్రభుత్వరంగ బ్యాంకులు చివరికి 12 అయ్యాయి. మొండిబాకీలు పెరగడం, మూలధనం చాలకపోవడం, పెద్ద రుణాలు ఇవ్వగల స్తోమత కావాలనుకోవడం అందరికీ తెలిసిన కారణాలు. ఏ బ్యాంకును దేనితో కలపాలన్న లెక్కలో సాఫ్ట్‌వేర్ కూడా ఉందన్న సంగతి చాలామంది గమనించలేదు. ఆంధ్రా, కార్పొరేషన్, యూనియన్ బ్యాంకులు మూడూ అప్పటికే ఇన్ఫోసిస్ తయారుచేసిన ఫినాకిల్ మీద నడుస్తున్నాయి. ఇండియన్ బ్యాంకు, అలహాబాద్ బ్యాంకు రెండూ టీసీఎస్ వారి బ్యాంక్స్ వాడుతున్నాయి. పెళ్లి సంబంధంలో జాతకాలు చూసినట్టు ఇక్కడ కంప్యూటర్ వ్యవస్థలు కలుస్తాయా లేదా అని చూశారు. టెక్నాలజీ బ్యాంకులకు పక్కవాయిద్యంగా ఉండే రోజులు అప్పటికే పోయాయి.

విలీనం వల్ల ఉద్యోగం పోకపోవచ్చు, ఉద్యోగం చేసే తీరు మాత్రం మారుతుంది. ఆంధ్రా బ్యాంకు ప్రధాన కార్యాలయం హైదరాబాద్ సైఫాబాద్‌లో ఉండేది. యూనియన్ బ్యాంకు ప్రధాన కార్యాలయం ముంబయిలో ఉంది. కేంద్ర కార్యాలయ స్థాయి నిర్ణయాలు, వాటిని తీసుకునే కుర్చీలు అక్కడికి వెళ్లాయి. ఒకే వీధిలో ఉన్న రెండు శాఖలు ఒకటవుతాయి. ఇక ప్రైవేటు బ్యాంకుల సంగతి. 1994లో మన జంటనగరాల్లో మొదలైన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు 2004లో కూలిపోయి ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిసింది. ఆ ఓరియంటల్ బ్యాంకు 2020లో పంజాబ్ నేషనల్ బ్యాంకులో కలిసింది. అంటే మొదట్లో చేరిన మనిషి రిటైరయ్యేలోపు మూడు బోర్డుల కింద పనిచేయాల్సి వచ్చింది. ‘మా ఊరికి దగ్గరగా ఉంటాడు’ అని గ్రామీణ బ్యాంకు కోరుకునేవాళ్లూ ఒకసారి చూడండి: 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులూ కలిసి ఒక్కటయ్యాయి. అంతకుముందు జిల్లాల లెక్కన ఆలోచించినవాళ్లు ఇప్పుడు రాష్ట్రమంతా ఆలోచించాలి.

టెక్నాలజీ తెచ్చిన మార్పు ఇంతకన్నా పెద్దది. యూపీఐ 2016లో వచ్చింది. 2023 ఆగస్టు ఒక్క నెలలోనే దానిమీద వెయ్యి కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయి. కూరగాయల బండి దగ్గర కూడా స్కాన్ చేసే మనిషి ఇక కౌంటర్ దగ్గర టోకెన్ పట్టుకుని నిలబడడు. పాస్‌బుక్ యంత్రమే అచ్చువేస్తుంది, నగదు యంత్రమే లెక్కపెడుతుంది. ఇప్పుడు క్లర్క్ పోస్టుకే కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అని పేరు పెట్టారు. పెరిగిన పనులు వేరే ఉన్నాయి: రుణం అడిగినవాడి లెక్కలు చూసి తిరిగి కట్టగలడా అని తేల్చడం, తనఖా పెట్టే ఆస్తి పత్రాల్లో చిక్కులు పట్టడం, బాకీ వసూలు, ఆన్‌లైన్ మోసాలను ఆపడం. వీటిలో దేనికీ వేగంగా కూడికలు చేయడం ఒక్కటే సరిపోదు.

కోచింగ్ సెంటర్లు నేర్పేది మాత్రం ప్రధానంగా ఆ వేగాన్నే. బ్యాంకు కోచింగ్ అనగానే మన దగ్గర నంద్యాల పేరు వినిపిస్తుంది, హైదరాబాద్‌లోనూ సెంటర్లకు కొదవలేదు. కష్టపడి చెప్పే మాస్టార్లు ఉన్నారు, కాదనను. సమస్య ఖర్చు లెక్కలో ఉంది. చేరేటప్పుడు ఇంట్లో ఫీజు ఒక్కటే చూసుకుంటారు. హాస్టలు, మెస్సు, టెస్ట్ సిరీస్‌లు, రెండో ఏడు రూము అద్దె, అన్నిటికన్నా ముఖ్యంగా పిల్లవాడు సంపాదించకుండా గడిపిన నెలలు ఆ లెక్కలోకి రావు. గోడమీద అతికించిన ఎంపికైనవాళ్ల ఫొటోలు కనిపిస్తాయి, అదే బ్యాచ్‌లో చేరి ఎంపిక కానివాళ్లు ఎందరో ఎవరూ చెప్పరు. చేరే ముందు ఆ సంఖ్య అడగండి. చెప్పడానికి ఇష్టపడకపోతే బయటికి వచ్చేయండి.



ఇంకో వల గురించి గట్టిగా చెప్పాలి. ‘ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం గ్యారంటీ, ముందు మా కోర్సులో చేరండి, ఫీజుకు లోన్ కూడా మేమే ఇప్పిస్తాం’ అనే ప్రకటనలు వస్తుంటాయి. చేరాక చాలాసార్లు చేతికి వచ్చేది ఖాతాలు, బీమా, కార్డులు అమ్మే టార్గెట్ ఉద్యోగం. టార్గెట్ అందక మానేస్తే లోన్ వాయిదాలు మాత్రం ఆగవు. అమ్మకాల పని తప్పని అనను, అందులో రాణించేవాళ్లున్నారు. కానీ ఆ పనిచేయడానికి ఎదురు డబ్బు కట్టాల్సిన అవసరం లేదు. సంతకం పెట్టేముందు ఉద్యోగం ఎవరి పేరోల్ మీద, మొదటి ఏడు చేతికొచ్చేది ఎంత, మధ్యలో మానేస్తే కట్టాల్సింది ఎంత అన్నవి రాతలో తీసుకోండి.

మరి ఏ దారి మంచిదని నన్నడిగితే, ముందు ఒక సబ్జెక్టును గట్టిగా పట్టుకుని ఆ తర్వాత బ్యాంకువైపు రమ్మంటాను. బైపీసీ పిల్లల విషయమే తీసుకోండి. నీట్‌లో ర్యాంకు రాలేదని లాంగ్‌టర్మ్‌లో రెండోసారి, మూడోసారి కూర్చోబెడుతున్నారు. అదే పిల్లలు ఎప్‌సెట్ ద్వారా అగ్రికల్చర్, హార్టికల్చర్, ఫిషరీస్ డిగ్రీల్లో చేరవచ్చు. ప్రభుత్వ బ్యాంకుల నియామక పరీక్షలు జరిపే ఐబీపీఎస్ వారి స్పెషలిస్ట్ ఆఫీసర్ పరీక్షలో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టులు వీళ్లకే. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం బ్యాంకులు తమ రుణాల్లో 18 శాతం వ్యవసాయానికి ఇచ్చి తీరాలి. బ్యాంకు దేనిలో కలిసినా ఆ బాధ్యత పోదు కాబట్టి మిర్చి పంటకు ఎంత పెట్టుబడి అవుతుందో, రొయ్యల చెరువు ఎప్పుడు నష్టంలో పడుతుందో తెలిసినవాళ్ల అవసరం ఉంటుంది. ఇప్పుడు ఎస్‌బీఐ ఛైర్మన్‌గా ఉన్న చల్లా శ్రీనివాసులు శెట్టి గద్వాల ప్రాంతం నుంచి వచ్చిన అగ్రికల్చర్ బీఎస్సీ పట్టభద్రుడు. 1988లో ప్రొబేషనరీ ఆఫీసర్‌గా చేరి 2024 ఆగస్టులో ఆ కుర్చీలో కూర్చున్నారు. ఒక్క హెచ్చరిక: వేరే రాష్ట్రాల్లో లక్షలు పోసి అగ్రికల్చర్ సీటు కొనేముందు ఆ కాలేజీకి ఐసీఏఆర్ గుర్తింపు ఉందో లేదో చూడండి. లేకపోతే రేపు ప్రభుత్వ పోస్టుల దగ్గర చిక్కులు వస్తాయి.

బీకాం పిల్లలకు నా మొదటి సలహా సీఎంఏ (కాస్ట్ అండ్ మేనేజ్‌మెంట్ అకౌంటెన్సీ). ప్రైవేటు ఇంజినీరింగ్ సీటుతో చూస్తే ఖర్చు చాలా తక్కువ, పని చేసుకుంటూ చదవవచ్చు. కంపెనీ లెక్కలు చదవడం వచ్చినవాడికి బ్యాంకు రుణాల విభాగంలోనూ చోటు ఉంటుంది, బయట ఫ్యాక్టరీలోనూ ఉంటుంది. ఎల్‌ఎల్‌బీ చేసినవాళ్లకు లా ఆఫీసర్ పోస్టులున్నాయి. ఇప్పటికే బ్యాంకులో ఉన్నవాళ్లు బ్యాంకు సిబ్బంది కోసం ఉండే జేఏఐఐబీ, సీఏఐఐబీ పరీక్షలు వాయిదా వేయకూడదు.

ఇదంతా విన్నాక కొందరు తండ్రులు ‘అయితే బ్యాంకు వద్దు, ఏఐ బ్రాంచిలో వేసేస్తాం’ అంటారు. ఒక గుంపులోంచి ఇంకో గుంపులోకి దూకడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఏఐసీటీఈ 2024-25 నుంచి బ్రాంచి సీట్లపై పరిమితి ఎత్తేశాక కాలేజీలు కంప్యూటర్ సీట్లు ఎడాపెడా పెంచుకున్నాయి. చెప్పే అధ్యాపకులు అదే వేగంతో పెరగలేదు. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తామని ప్రకటించింది. మరోపక్క వెల్స్ ఫార్గో, గోల్డ్‌మన్ శాక్స్ వంటి సంస్థలకు హైదరాబాద్‌లోనే పెద్ద కార్యాలయాలున్నాయి. అలాంటి చోట కోడింగ్‌తో పాటు రుణం, వడ్డీ, రిస్కు అర్థమయ్యే మనిషి కావాలి. బీటెక్ పిల్లవాడికి లెక్కలు ఇష్టమైతే స్టాటిస్టిక్స్, అకౌంటింగ్ మూలసూత్రాలు పక్కన నేర్చుకోమనండి. బ్రాంచి పేరు కోసం మేనేజ్‌మెంట్ కోటాలో పొలం అమ్మకండి.

బ్యాంకు పరీక్షలు రాస్తున్న పిల్లలున్న ఇళ్లకు నా విన్నపం. రెండు నోటిఫికేషన్లు రాసి ఫలితం రాకపోతే మూడో ఏడు గదిలో కూర్చోబెట్టకండి. ఊళ్లో ఆడిటర్ దగ్గరైనా, సహకార సంఘంలోనైనా, చిన్న జీతానికైనా లెక్కల పనిలో చేరనివ్వండి. పరీక్షకు ఇంకా వయసు ఉంటుంది, సాయంత్రాలు చదువుకుంటారు. ‘పక్కింటివాడికి వచ్చింది, నీకెందుకు రాలేదు’ అన్న మాట మాత్రం దయచేసి అనకండి.