చదరంగపు సంఖ్యకు కాపలా

మాది విజయపురి సౌత్. చిన్నప్పుడు పొలం గట్టు మీద మా తాతయ్య ఒక చంపకమాల చదివేవాడు. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే 64 గళ్ళకూ కలిపి ఎన్ని గింజలో చెప్పే పద్యమది. 11వ శతాబ్దిలో మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెనిగించిన పావులూరి మల్లనదని ప్రసిద్ధి.

అందులో అంకెలుండవు, మాటలుంటాయి. చంద్రుడంటే 1, వేదాలు 4, బాణాలు 5, ఆకాశం సున్న. మొదటి మాట ఒకట్ల స్థానం, రెండోది పదుల స్థానం. అలా కుడి నుంచి ఎడమకు వేస్తే వచ్చేది 18446744073709551615.

వెయ్యి వడ్లు 20 గ్రాములు తూగుతాయనుకుంటే, ఈ రాశి సుమారు 36,900 కోట్ల టన్నులు. మన నాగార్జునసాగర్ నిండితే 312 టీఎంసీలు, అంటే దాదాపు 880 కోట్ల టన్నుల నీరు. అటువంటి సాగర్లు నలభైరెండు తెచ్చి తూచాలన్నమాట!

చిక్కల్లా ఆరో మాట దగ్గర వచ్చింది. పుస్తకంలో ‘సాయక’ అని ఉంది. బాణం కనుక 5. తాతయ్య మాత్రం ‘సాగర’ అనేవాడు. సముద్రాలు 4. "మన సాగరే గదరా!" అని నవ్వేవాడు. గణం చెడదు, యతీ చెడదు. మరి ఛందస్సు తేల్చలేనిదాన్ని ఎవరు తేల్చాలి?

గణితమే తేల్చాలి. ప్రతి గడిలోనూ, అంతకు ముందున్న గళ్ళ మొత్తం కన్నా ఒక్క గింజ ఎక్కువ. కనుక మొత్తం 2⁶⁴ − 1. వర్గాల భేద సూత్రాన్ని వరుసగా వాడితే ఇది ఇలా విడిపోతుంది:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

చివరిది కూడా ప్రధాన సంఖ్యేనని ఫెర్మా నమ్మాడు. అది 641 × 6700417 అని 1732లో ఆయిలర్ చూపాడు.

ఇందులో 17ను చూడండి. 2⁴ అంటే 16, అది 17కు ఒకటి తక్కువ. కనుక 2⁸ను 17తో భాగిస్తే శేషం 1, 2⁶⁴కూ అంతే. ఒకటి తీసేస్తే శేషం సున్న. ఇక పద్యంలో ఒక్క మాట తప్పి అంకె మారిందనుకోండి. తేడా 1 నుంచి 9 లోపు అంకెను పది ఘాతంతో గుణించినంత. 17 దాన్ని భాగించలేదు, తప్పు బయటపడుతుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే అంకెల మొత్తం మారదు కాబట్టి 3 పట్టలేదు. 17 మాత్రం పట్టేస్తుంది. రెండు మూడు తప్పులు కలిసి 17ను ఏమార్చినా వెనక 257, 641, 65537 కాపలా ఉన్నాయి.

కాగితం మీద భాగించి చూశాను. ‘సాయక’తో భాగఫలం 1085102592571150095, శేషం సున్న. ‘సాగర’తో శేషం 11.

సెలవులకు వెళ్ళినప్పుడు తాతయ్యకు చెప్పాను. "ఎంత తేడా?" అన్నాడు. "లక్ష గింజలు. రెండు కిలోలు" అన్నాను. నలభైరెండు సాగర్లలో రెండు కిలోలేనని నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"కాటాలో రెండు కిలోలు పోయినా పోయినట్టేరా" అన్నాడు. ఆ తరువాత ఆయన ‘సాయక’ అనే చదువుతున్నాడు.